క్రిస్మస్ రోజున వంటగదిలో ఉండిపోయేవారు

పండుగ దగ్గర పడుతుంటే మనలో చాలామంది ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటే. "ఈసారి నాన్నకు సెలవు దొరుకుతుందా?" పండుగ అని రైళ్లు ఆగవు. ఆసుపత్రులు మూతపడవు. సరిహద్దులో కాపలా ఆగదు. ఊరంతా పండుగ చేసుకునే రోజున మన ఇళ్లలో ఎవరో ఒకరు డ్యూటీలో ఉంటారు. పైగా మనం ఉండేది సొంత ఊరు కాదు. పండుగ పూట తలుపు తట్టి పలకరించే తాతయ్య, మేనత్త పక్క వీధిలో ఉండరు.

అలాంటి ఒక పండుగ రోజున నేను చూసిన సంగతి ముందు చెబుతాను. దాని వెనక ఉన్న చరిత్రనూ, ఆ పని జరిగే తీరునూ తరువాత వివరిస్తాను.

ఆ రోజు మధ్యాహ్నం

మూడేళ్ల క్రితం మా నాన్నగారికి ఖరగ్‌పూర్ బదిలీ అయింది. ఆయన గూడ్స్ రైలు నడుపుతారు. మేము ఆ ఊరు వెళ్లి అప్పటికి రెండు నెలలే. డిసెంబరు 23న మా తమ్ముడికి నిమోనియా అని ఆసుపత్రిలో చేర్చారు. నాన్నగారు లైను మీద ఉన్నారు. అమ్మా, నేనూ తమ్ముడికి తోడుగా ఉన్నాము.

ఆసుపత్రిలో రోగికి భోజనం ఇస్తారు. తోడు ఉన్నవాళ్లు తమ భోజనం తామే చూసుకోవాలి. రెండు రోజులు గేటు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో తెచ్చుకున్నాము. 25వ తేదీన ఆ హోటల్ మూసి ఉంది. అమ్మకు బెంగాలీ రాదు, హిందీ అంతంతమాత్రం. ఎవరిని ఏమని అడగాలో తెలియలేదు. తమ్ముణ్ణి వదిలి దూరం వెళ్లడానికీ లేదు. మధ్యాహ్నం దాకా ఒక బిస్కెట్ ప్యాకెట్‌తో సరిపెట్టుకున్నాము.

ఒంటిగంట దాటాక నలుగురైదుగురు స్టీలు క్యారియర్లు, బకెట్లు పట్టుకుని వార్డు బయట వరండాలోకి వచ్చారు. వారిలో ఒక పెద్దావిడ మా దగ్గరకు వచ్చి, మా మాటలు విని, తెలుగులోనే అడిగింది: "ఏమ్మా, తిన్నావా?"

అమ్మ మొహమాటంతో "తిన్నామండీ" అంది. ఆవిడ బిస్కెట్ ప్యాకెట్ వైపు ఒక్కసారి చూసింది. "మేము ఇంకా తినలేదమ్మా. తెల్లవారుజామున నాలుగింటి నుంచి వంటలోనే ఉన్నాం. రా, కలిసి తిందాం" అంది. అమ్మ ఇక కాదనలేకపోయింది. వరండా చివర బెంచీ మీద కూర్చుని అన్నం, పప్పు, కోడిగుడ్డు కూర తిన్నాము. ఆవిడ కూడా మాతోనే తింది. మా పేరు అడిగింది, తమ్ముడికి ఎలా ఉందో అడిగింది. మా మతం ఏమిటని అడగలేదు. మేము క్రైస్తవులం కామని ఆవిడకు అర్థమయ్యే ఉంటుంది. అమ్మ నుదుటి మీద బొట్టు ఉంది కదా!

వాళ్లు ఊళ్లోని ఒక తెలుగు చర్చి నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు. ఖరగ్‌పూర్ రైల్వే పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వందేళ్లకు పైగా మనవాళ్లు వెళ్లి స్థిరపడ్డారు. అందుకే ఆ ఊళ్లో తెలుగు వినిపిస్తుంది, తెలుగు చర్చిలూ ఉన్నాయి.

రాత్రి ఇంటికి వచ్చాక నాకొక సందేహం కలిగింది. క్రిస్మస్ వాళ్ల పండుగ. ఆ రోజున కొత్త బట్టలు కట్టుకుని ఇంట్లో ఉండకుండా తెల్లవారుజాము నుంచి వంటగదిలో ఎందుకు ఉన్నారు? ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? అప్పటి నుంచి అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

భాష రానివారి కోసం ఏడుగురు

బైబిల్లో అపొస్తలుల కార్యములు అనే భాగం ఉంది. అందులో ఆరో అధ్యాయంలో ఒక చిన్న ఫిర్యాదు కనిపిస్తుంది. యెరూషలేములో తొలినాటి క్రైస్తవులు ఉన్నదంతా కలిపి పంచుకునేవారు. దిక్కులేని విధవరాళ్లకు రోజూ భోజనం పెట్టేవారు. కానీ గ్రీకు భాష మాట్లాడేవారు వచ్చి, ఈ పంపిణీలో తమ విధవరాళ్లను పట్టించుకోవడం లేదని సణిగారు. వారు కూడా యూదులే. వేరే దేశాల్లో పెరిగి వచ్చినవారు కావడంతో వారి భాష వేరు.

పెద్దలు ఆ ఫిర్యాదును కొట్టిపారేయలేదు. పంపిణీ సరిగా జరిగేలా చూడటానికి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసిన వారి భాష తెలిసినవారికే ఆ బాధ్యత అప్పగించారని చదువరులు భావిస్తారు. ఆ ఏడుగురిలో మొదటి పేరు స్తెఫను.

చర్చి సేవకుల చరిత్ర ఇలా ఒక భోజనాల వరుసలో, భాష రాని కారణంగా వెనకబడిన కొందరు ఆడవాళ్ల కోసం మొదలైంది. ఊరూరూ తిరిగే మనకు ఈ సంగతి త్వరగా అర్థమవుతుంది. కొత్త బడిలో మొదటి వారం ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా!

డిసెంబరు 26 ఎందుకు ప్రత్యేకం?

పాశ్చాత్య క్రైస్తవ సంప్రదాయంలో డిసెంబరు 26 ఆ స్తెఫను పేరిట జరుపుకునే రోజు. బ్రిటన్‌లోనూ, ఆస్ట్రేలియా వంటి మరికొన్ని దేశాల్లోనూ అదే రోజును బాక్సింగ్ డే అంటారు. మెల్‌బోర్న్‌లో ఆ రోజు మొదలయ్యే టెస్ట్ మ్యాచ్ వల్ల ఈ పేరు మనందరికీ తెలుసు. ముష్టియుద్ధానికీ ఈ పేరుకూ సంబంధం లేదు. బాక్స్ అంటే పెట్టె.

ఆ పేరు వెనక రెండు కథనాలు ఉన్నాయి. చర్చిలో పేదల కోసం ఉంచిన కానుకల పెట్టెను క్రిస్మస్ మరునాడు తెరిచి పంచేవారని ఒకటి. క్రిస్మస్ నాడు కూడా పని చేసిన నౌకర్లకు, మరునాడు యజమానులు సెలవిచ్చి పెట్టెలో కానుకలు పెట్టి పంపేవారని రెండోది. ఏది అసలైనదో తేల్చడం కష్టం. అయితే రెండింటిలోనూ ఉన్నది ఒకే ఆలోచన. నిన్న పండుగ చేసుకోలేకపోయిన వారికి ఈ రోజు వాటా ఇవ్వాలి.

రేవులో పెట్టిన కుండ

1865లో లండన్‌లో విలియం బూత్ ప్రారంభించిన సేవా ఉద్యమమే సాల్వేషన్ ఆర్మీ. మన తెలుగువారు దానిని రక్షణ సైన్యం అంటారు. 1882లో అది మన దేశానికి కూడా వచ్చింది. 1891 డిసెంబరులో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ సంస్థకు చెందిన జోసెఫ్ మెక్‌ఫీ అనే ఆయన వెయ్యిమంది పేదలకు క్రిస్మస్ భోజనం పెట్టాలనుకున్నాడు. చేతిలో డబ్బు లేదు. ఒకప్పుడు నావికుడిగా ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవుకు వెళ్లినప్పుడు, దారిన పోయేవారు పేదల కోసం చిల్లర వేసే పెద్ద కుండను చూసిన సంగతి ఆయనకు గుర్తొచ్చింది. వెంటనే పడవలు ఎక్కే చోట ఒక కుండను వేలాడదీశాడు. అలా సేకరించిన డబ్బుతో భోజనాలు పెట్టాడు. ఇప్పటికీ అనేక దేశాల్లో డిసెంబరులో ఎర్ర కుండ పక్కన గంట మోగిస్తూ నిలబడే సేవకులు కనిపిస్తారు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. మెక్‌ఫీ ధనవంతుల ఇళ్లకు వెళ్లలేదు. రద్దీగా ఉండే రేవును ఎంచుకున్నాడు. ఒక్కరు ఎక్కువ ఇవ్వడం కంటే, ఎక్కువమంది కొంచెం కొంచెం ఇవ్వడం తేలిక అని ఆ కుండ నేర్పింది.

మన నేల మీద: ఒంగోలు, మెదక్

మన తెలుగు నేల మీద కూడా ఇటువంటి చరిత్ర ఉంది. 1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని ఘోరమైన కరువు పట్టి పీడించింది. అప్పుడు ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లఫ్ అనే అమెరికన్ మిషనరీ ఉండేవాడు. ఆయనకు భూమి సర్వే పని కూడా తెలుసు. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు ఉన్నంతకాలం కొత్తవారికి బాప్తిస్మం ఇవ్వడం ఆపేశాడు. ఆకలిని ఆసరాగా తీసుకోకూడదన్న ఆ జాగ్రత్త ఎవరు సేవ చేసినా గుర్తుంచుకోదగినది.

మెదక్ చర్చిని మీలో కొందరు చూసే ఉంటారు. 1914లో పని మొదలై, పదేళ్ల తరువాత 1924 డిసెంబరు 25న, అంటే సరిగ్గా క్రిస్మస్ నాడు, ప్రారంభమైంది. దీనిని కట్టించినవాడు చార్లెస్ వాకర్ పాస్నెట్. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంట గోపురం ఎత్తు 175 అడుగులు. అయిదువేల మంది వరకు పట్టే ఈ భవనం కరువు రోజుల్లో చుట్టుపక్కల పేదలకు పనీ, పనికి ప్రతిఫలంగా అన్నమూ ఇచ్చిందని ఆ ప్రాంతంవారు నేటికీ చెప్పుకుంటారు. మనం విన్న పనికి ఆహార పథకం వంటిదన్నమాట. ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కు అక్కడికి వేలాదిగా జనం వస్తారు.

పిడికెడు బియ్యం

మరి ఇంత భోజనానికి సరుకులు ఎక్కడి నుంచి వస్తాయి? దానికి మన దేశంలోనే ఒక అందమైన పద్ధతి ఉంది. మిజోరంలో వంట చేసే ప్రతిసారీ ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. వారానికోసారి ఆ బియ్యాన్ని చర్చికి ఇస్తారు. వందేళ్లకు పైగా ఈ అలవాటు సాగుతోంది. మన తెలుగు చర్చిల్లోనూ పిడికెడు బియ్యం అనే మాట వాడుకలో ఉంది. ఖరగ్‌పూర్ పెద్దావిడ ఇంట్లో కూడా పొయ్యి పక్కన అలాంటి డబ్బా ఉండేది.

ఒక పిడికెడు అంటే సుమారు 40 గ్రాములు అనుకుందాం. రోజుకు రెండు పూటలా తీస్తే నెలకు దాదాపు రెండున్నర కిలోలు. ఆ ఇంట్లో ఎవరికీ అన్నం తక్కువ కాదు. పాతిక ఇళ్లు కలిస్తే నెలకు అరవై కిలోలు!

వంట ఎలా జరుగుతుంది?

మరుసటి ఏడాది డిసెంబరులో పెద్దావిడ పిలిస్తే నేనూ ఆ వంటకు వెళ్లాను. ఇదంతా ఆ ఒక్కరోజు పని అనుకున్నాను. కానీ కాదు. నవంబరు చివరి నుంచే పని మొదలవుతుంది.

మొదట లెక్క తేలుస్తారు. ఆసుపత్రికి వెళ్లి అనుమతి తీసుకుంటారు. రోగులకు డాక్టరు చెప్పిన ఆహారమే పెట్టాలి కాబట్టి వారికి వండిన అన్నం ఇవ్వరు. తోడు ఉన్నవారికీ, రాత్రి డ్యూటీ కాపలావారికీ, ఊడ్చేవారికీ ఇస్తారు. దాదాపు 120 మంది అని అంచనా వేశారు. మనిషికి 125 గ్రాముల బియ్యం చొప్పున 15 కిలోలు. గుడ్లు 120 సరిపోవు. పగిలేవాటికి ఇంకో పది కలపాలి.

తరువాత మనుషులను నాలుగు జట్లుగా విడదీస్తారు. సరుకులు తెచ్చే జట్టు, వండే జట్టు, పంచే జట్టు, పాత్రలు కడిగే జట్టు. అన్నిటికన్నా కష్టం వండే జట్టుది. పండుగ నాటి ఉదయం ఆరాధన జరిగే వేళకే అన్నం ఉడకాలి. ఏడాదంతా ఎదురుచూసిన ఆరాధనను ఆ జట్టువాళ్లు వదులుకోవాలి. చర్చిలో పాటలు వినిపిస్తుంటే వీళ్లు పక్క షెడ్డులో గంజి వారుస్తూ ఉంటారు. ఒకే కుటుంబం ప్రతి ఏటా ఆ పని చేయకూడదని వంతులు వేసుకుంటారు. పెద్దావిడ మాత్రం తన వంతు కాకపోయినా వస్తుంది. "లోపల కూర్చున్నా నా మనసు ఎసట్లోనే ఉంటుంది" అంటూ నవ్వేది.

వండిన అన్నం వేడిగానే వెళ్లాలి. వండి ఎక్కువసేపు ఉంచితే పాడవుతుంది, తిన్నవారికి జబ్బు చేస్తుంది. అందుకే పదకొండింటికి వంట ముగించి, ఒంటిగంటన్నర లోపల పంచడం పూర్తి చేస్తారు. పాయసం మొదట్లో చేసేవారట. దూరం తీసుకువెళ్లేసరికి విరుగుతోందని మానేసి అరటిపండ్లు ఇస్తున్నారు.

నేర్చుకున్న పొరపాట్లు

మంచి మనసు ఒక్కటే ఉంటే చాలదని అక్కడ నాకు తెలిసింది. వాళ్లు చేసిన పొరపాట్లను వాళ్లే దాచకుండా చెప్పారు.

మొదటి ఏడాది పొట్లం ఇస్తూ ఫొటోలు తీశారట. తీసుకునేవారు తలలు దించుకోవడం ఒక ముసలాయన గమనించి ఆపించాడు. అప్పటి నుంచి ఫొటోలు వంటగదిలో మాత్రమే తీసుకుంటారు.

పాత బట్టలు పోగు చేసినప్పుడు సగం చిరిగినవి వచ్చాయి. ఇప్పుడు ఒకటే నియమం పెట్టుకున్నారు. మన ఇంటికి వచ్చిన చుట్టానికి ఇవ్వలేని బట్టను ఎవరికీ ఇవ్వకూడదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. 25వ తేదీన ఆసుపత్రికి మూడు నాలుగు బృందాలు రావడంతో అన్నం మిగిలిపోయింది. 26న, 27న ఒక్కరూ రాలేదు. అందుకే ఇతర చర్చిలవారితోనూ, ఊళ్లోని ఇతర సేవా బృందాలతోనూ మాట్లాడుకుని రోజులు పంచుకున్నారు. ఆకలి పండుగ తేదీ చూసుకుని రాదు కదా!

26వ తేదీ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం గుర్తు చేయాలి. 2004లో సునామీ వచ్చింది డిసెంబరు 26వ తేదీ ఉదయమే. ఆ రోజు ఆదివారం. తమిళనాడు తీరంలోని వేలాంకణి చర్చికి వచ్చిన యాత్రికులు కూడా ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఆ తీరమంతటా చర్చిలు, గుళ్లు, కల్యాణ మండపాలు, బడులు సహాయ శిబిరాలుగా మారాయి. పండుగకు కలిసి వంట చేయడం అలవాటైన ఊళ్లలో పెద్ద పాత్రలు ఉంటాయి, ఎవరు ఏ పని చేయాలో తెలిసినవారుంటారు. ఆపద వేళ ఆ అలవాటు అక్కరకు వస్తుంది.

అన్ని పండుగల్లోనూ

ఈ ఆలోచన ఒక్క క్రిస్మస్‌కే పరిమితం కాదు. రంజాన్ నాడు నమాజుకు ముందే ఫిత్రా ఇవ్వాలన్న నియమం ఉంది. పేదవాడు కూడా ఆ పూట పండుగ చేసుకోవాలని దాని ఉద్దేశం. గురుద్వారాలో లంగరు రోజూ నడుస్తుంది. అక్కడ అందరూ ఒకే వరుసలో కింద కూర్చుని తింటారు. సంక్రాంతి నెలలో మన వాకిట్లోకి వచ్చే హరిదాసు తలమీది పాత్రలో బియ్యం పోయించడం పిల్లల చేత చేయిస్తారు. పంట చేతికొచ్చిన వేళ మొదటి గింజ ఇవ్వడం చిన్నప్పుడే అలవాటు కావాలని పెద్దల ఆలోచన. పద్ధతులు వేరైనా, నా ఇంట్లో పండుగ జరిగితే చాలదని అన్నీ చెబుతున్నాయి.

గోడ మీద కాగితం

ఖరగ్‌పూర్ చర్చి వంట షెడ్డు గోడకు ఒక కాగితం అతికించి ఉండేది. దాని మీద ఒకే ప్రశ్న నాలుగు భాషల్లో, తెలుగు లిపిలో రాసి ఉంది. తిన్నారా? ఖానా ఖాయా? ఖేయేఛేన్? సాప్టీంగళా? పంచడానికి వెళ్లేవారు దానిని చదువుకుని వెళ్లాలి. ఆసుపత్రి వరండాలో భాష రాని ఒక మనిషి ఆకలితో కూర్చుని ఉంటే, ఎవరూ చూడకుండా దాటిపోకూడదని ఆ కాగితం. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాళ్ల ఫిర్యాదుకు ఇన్ని వందల ఏళ్ల తరువాత కూడా జవాబు చెబుతున్నట్లే నాకు అనిపించింది.

ఆ రోజు నన్ను ఉల్లిపాయలు తరగమన్నారు. తరువాత పంపిణీకి పంపారు. వార్డు చివర ఒక బెంగాలీ తాతగారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నేను భయపడుతూనే "ఖేయేఛేన్?" అన్నాను. ఆయన కాసేపు నా ముఖం వంక చూసి తల అడ్డంగా ఊపారు. తిన్నానని మా అమ్మలా అబద్ధం చెప్పలేదు. నేను పక్కనే కూర్చుని నా పళ్లెం కూడా తెచ్చుకున్నాను. ఏమి చేయాలో నాకు ముందే తెలుసు కదా!

మిత్రులారా! మనకు డబ్బు లేకపోవచ్చు, మన పేరిట చర్చిగానీ గుడిగానీ ఉండకపోవచ్చు. కానీ ఊళ్లు తిరగడం వల్ల రెండు మూడు భాషలు వచ్చు. మన తరగతిలో ఏటా జూలైలోనో, ఆగస్టులోనో కొత్తగా చేరే పిల్లవాడు ఒకడుంటాడు. భోజన విరామంలో టిఫిన్ బాక్స్ పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడతాడు. పండుగ దాకా ఆగనక్కరలేదు. వాడి భాషలో ఒక్క ప్రశ్న అడగడం రేపే నేర్చుకోవచ్చు. ఆ తరువాత మన బాక్స్ తీసుకుని వాడి పక్కన కూర్చుంటే సరిపోతుంది.